పస్కా గడియ దాటిన తోడు పిండి

పోలా ఫైన్‌జిల్బర్ మన యూదుల బడికి ఒక్క ఏడాది పని చేద్దామని వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే "ఈ ఏడాదికి చూద్దామండీ, తర్వాత ఇంకెక్కడైనా చేరతాను" అంటుంది. అలా అంటూ అంటూనే జుట్టు నెరిసింది, కళ్లజోడు అద్దాలు మందమయ్యాయి, ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు తమ పిల్లల్ని తీసుకొచ్చి మళ్లీ ఆవిడకే అప్పజెప్పారు. యూదులు ఎక్కువగా ఉండే విల్యా క్రెస్పో పేటలో కుట్టుమిషన్ల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషి. తండ్రి దర్జీ. కూతురు ఏ పెద్ద ప్రయోగశాలలోనో తెల్లకోటు వేసుకుని తిరుగుతుందని ఆశపడి, ఆవిడ కాలేజీలో ఉండగానే కోటు కుట్టి ఇస్త్రీ చేసి పెట్టాడు. ఆ కోటు మన బడి మూడో అంతస్తులో, చెదిరిన పెంకుల గది గోడ మేకుకు చేరింది. ఆ గదినే మనవాళ్లు ప్రయోగశాల అంటారు. రెండు సూక్ష్మదర్శినులు, ఒక అస్థిపంజరం, ఒక తుప్పు పట్టిన తొట్టి, అంతే సరంజామా.

ఒకే కప్పు కింద రెండు బడులు అనుకోండి. పొద్దుటి పూట తోరా, తల్మూద్ అనే మతగ్రంథాలు, హీబ్రూ భాష. మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రభుత్వం వారి లెక్కలు, చరిత్ర, సైన్సు. పొద్దున లోకం ఆరు రోజుల్లో పుట్టేది, మధ్యాహ్నం అదే లోకానికి కోట్ల ఏళ్లు పట్టేది. పిల్లలకు ఇందులో ఏ ఇబ్బందీ లేదు. ఎవరి పరీక్షలో ఎవరి లెక్క రాయాలో వాళ్లకు బాగా తెలుసు. ఇబ్బందంతా పెద్దవాళ్లదే.

పొద్దుటి పూటకు పెద్ద, మన మతగురువు రబ్బీ నిసిమ్ హల్ఫోన్. సన్నగా, పొడుగ్గా, ఎంతో మర్యాదగా ఉండే మనిషి. ఎదురుపడితే టోపీ తీసినంత పని చేసి పలకరిస్తాడు. కానీ గంటల విషయానికొస్తే మాత్రం మహా పేరాశ. భోజనం గంట కొట్టాక కూడా "ఒక్క వాక్యం, ఒక్కటే వాక్యం" అంటూ పిల్లల్ని కూర్చోబెట్టేవాడు. తల్మూద్‌లో ఒక వాక్యమంటే ఎంత పొడుగో మీకు తెలియంది కాదు. పిల్లలు గబగబా మింగి, ఆయాసపడుతూ మెట్లెక్కి, పోలా టీచర్ బల్లల మీద వాలిపోయేవాళ్లు.

"నిద్ర లేచిన బుర్రలన్నీ మీరు వాడేసుకుని, నిద్రపోయే బుర్రల్ని నాకు పంపిస్తారు" అని పోలా టీచర్ టీచర్ల గదిలో అందరి ముందూ దులిపేసేది.

"మరి మీ పాఠం అంత గొప్పదైతే మెలకువ రావాలి కదండీ?" అని ఆయన చిరునవ్వుతోనే చురక వేసేవాడు.

ఆవిడకు దేవుడంటే కోపం లేదు, పట్టింపూ లేదు. పండగలు చేసుకుంటుంది, అమ్మ చేసినట్టే చేస్తుంది, అంతకుమించి అడగొద్దంటుంది. ఆవిడకున్న పట్టింపల్లా ఒక్కటే. ప్రయోగంలో కనిపించింది కనిపించినట్టు చెప్పాలి. అందులో తేడా వస్తే ఎంతటివాడినైనా వదిలేది కాదు.

ఆ ఏడాది బడులు తెరవగానే కమిటీ అధ్యక్షుడు మార్కోస్ పెల్ట్స్ వచ్చాడు. బొత్తాల దుకాణం ఆయనది. మాట్లాడితే బొత్తాలు గలగల పోసినట్టే ఉంటుంది.

"పోలా గారూ, మీరేమీ అనుకోకూడదు. ఆ ప్రయోగశాల గంట ఉంది చూశారూ, అది రబ్బీ గారికి ఇచ్చేద్దామని కమిటీలో ఒక మాట నలుగుతోంది. సైన్సు పుస్తకంలో చెప్పేస్తే సరిపోతుందిగా? ఆ గది ఖాళీ అయితే ప్రార్థనకూ పనికొస్తుంది."

పోలా టీచర్ మొహం కందగడ్డ అయిపోయింది. "పుస్తకంలో చెప్తే సరిపోతుందా? అయితే మీరు బొత్తాలు బొమ్మలో చూపించి అమ్మండి, కొనుక్కుంటారేమో చూద్దాం."

పెల్ట్స్ నవ్వేసి, పోయేవాడు పోకుండా ఒక దారి చూపించాడు. పస్కా పండగ సెలవుల తర్వాత జిల్లా సైన్సు ప్రదర్శన ఉంది. అందులో మన పిల్లలు ఏదైనా బహుమతి తెస్తే గంట ఆవిడదే. తేకపోతే రబ్బీ గారిది. అది విన్న దగ్గర్నుంచి పోలా టీచర్‌కు నిద్ర పట్టలేదు. ఆ గది లేకపోతే తను బడిలో ఏం చేయాలో, అసలు తను ఎవరో కూడా ఆవిడకు తెలియలేదు. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. అక్క డోరాతో కలిసి చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. ఉన్నదంతా ఆ పెంకుల గదిలోనే ఉంది.

ఏం చేస్తే గెలుస్తామని తెగ ఆలోచించి, చివరికి పిండి మీద పడింది. మార్కెట్లో దొరికే ఈస్టు కాదు. పిండీ నీళ్లూ కలిపి మూత వదులుగా పెడితే గాలిలో ఉన్న, పిండిలో ఉన్న సూక్ష్మజీవులే వచ్చి కాపురం పెట్టి పులియబెడతాయి కదా, ఆ తోడు పిండి. రోజూ కొంత తీసేసి కొత్త పిండి పెడుతూ పోతే నెలలైనా బతుకుతుంది. ఎంత వేడికి ఎంత పొంగుతుందో పిల్లలు కొలిచి గీతలు గీయాలి. పైసా ఖర్చు లేని ప్రయోగం. పిల్లలకు పిచ్చెక్కిపోయింది. భోజనమయ్యాక బల్లల మీద వాలడం మానేసి, జాడీ చుట్టూ మూగారు.

ఉరియెల్ సబాగ్ అనేవాడు ఒక మధ్యాహ్నం ఫుట్‌బాల్ ఆడుకుంటూ కొలత తీయడం మరిచిపోయి, నిన్నటి అంకెకు కొంచెం కలిపి రాసేశాడు. పోలా టీచర్ ఒక్క చూపు చూసింది.

"ఇది నువ్వు కొలిచావా?"

"కొలిచినట్టే టీచర్. అంతే ఉంటుంది, కావాలంటే చూడండి!"

"అంతే ఉంటే నువ్వెందుకురా, నేనెందుకు? ఇంట్లో కూర్చుని ఊహించుకుంటే పోదా?" అని క్లాసు క్లాసంతటి చేతా ఆ వారం కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి తీయించింది. ఉరియెల్‌ను మిగతావాళ్లు చంపినంత పని చేశారు.

ఇదిలా నడుస్తుండగా రబ్బీ నిసిమ్ ఒకరోజు మూడో అంతస్తుకు వచ్చాడు. ఆయన ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. జాడీ చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఒక్కడుగు వెనక్కి వేశాడు.

"పోలా గారూ, పస్కా వస్తోంది."

"వస్తే రానివ్వండి. ఏటా వస్తూనే ఉంది."

"పులిసిన పిండి బడిలో ఉండకూడదు. పస్కా ముందు రోజు పొద్దున గడియ దాటేలోపు యూదుడి చేతిలో పులిసింది చిటికెడు కూడా మిగలకూడదు. ఇంత జాడీ పెట్టుకుని కూర్చున్నారేంటండీ మీరు!"

"రబ్బీ గారూ, ఇది రొట్టె కాదు, ప్రయోగం. సెలవుల్లో చంపేస్తే ప్రదర్శనకు ఏం పట్టుకెళ్లను, నా తలకాయా?"

ఇద్దరూ తగువులాడుకుంటుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. ఆఖరికి తమారా గోరోదిష్ అనే అమ్మాయి చెయ్యెత్తి, "ఇబార్రా సారుకు అమ్మేయండి" అంది. ఇద్దరూ తిరిగి చూశారు. అంతకన్నా తేలికైన ఉపాయం మరొకటి లేదు.

ఎవారిస్తో ఇబార్రా భూగోళం టీచరు. దూరాన తుకుమాన్ కొండల మనిషి, క్రైస్తవుడు కాబట్టి పులిసింది ఆయన దగ్గర ఉన్నా తప్పులేదు. ఏటా పస్కా ముందు రోజు పొద్దున అమ్మకం కుదిరిన గుర్తుగా రబ్బీ గారి చేతిరుమాలు పట్టుకుని ఎత్తితే చాలు, బడికీ కమిటీ వాళ్లకూ చెందిన పులిసిన సరుకంతా ఆయనదైపోతుంది. పెల్ట్స్ గారి విస్కీ సీసాలు, వంటగదిలోని సేమియా, గోధుమపిండి బస్తాలు, అన్నీ తాళం వేసిన గదుల్లో ఉన్నవి ఉన్నట్టే ఆయన సొత్తు. పండగ అయ్యాక మళ్లీ అమ్మేస్తాడు. ఆ వారం రోజులూ వీధిలో ఆయన నడక చూడాలి. ఛాతీ ముందు నడిచేది, ఆయన వెనక నడిచేవాడు.

"జాడీ కూడా నాదేనా?" అన్నాడు.

"మీదే. రోజూ వచ్చి పిండీ నీళ్లూ పెట్టాలి. మేం ముట్టుకోకూడదు" అంది పోలా టీచర్.

"అయితే పేరు పెట్టుకుంటాను. మా మేనత్త పేరు, గ్రాసియెలా. ఆవిడా ఇలాగే పొంగేది."

పస్కా ముందు రోజు చలి విరుచుకుపడింది. పోలా టీచర్ పొద్దున్నే ఆగలేక బడికెళ్లి అల్మారా తెరిచి చూస్తే, పిండి ముడుచుకుని జాడీ అడుగున పడుంది. ఆవిడ ప్రాణం విలవిల్లాడింది. ఇంటికి తీసుకెళ్లి కాస్త వేడి తగిలించి, గడియలోపు తెచ్చి పెట్టేద్దామనుకుంది. కోటు లోపల దాచుకుని బస్సెక్కింది.

ఇల్లంతా అప్పటికే డోరా అక్క కడిగి తుడిచి అద్దంలా పెట్టింది. వంటింట్లో చేప ఉండలు ఉడుకుతున్నాయి. పులిసిన పిండి పట్టుకుని వంటింట్లో అడుగుపెడితే ఇంకేమైనా ఉందా? పోలా చప్పుడు చేయకుండా స్నానాల గదిలో దూరి, నీళ్లు కాగే గ్యాసు పెట్టె పక్కన జాడీ పెట్టి, దాని మీద తువ్వాలు కప్పింది. పిండి మెల్లగా కదిలింది. ఒక బుడగ వచ్చింది, ఇంకోటి వచ్చింది. ఆవిడ అక్కడే తొట్టి అంచున కూర్చుని ముచ్చటగా చూస్తోంది. అప్పుడు డోరా చేతులు కడుక్కోవడానికి వచ్చి తువ్వాలు లాగింది.

"ఒసేయ్ పోలా! ఏంటే ఇది? పండగ పూట పులిసిన పిండి తెచ్చి స్నానాల గదిలో పెడతావా? అమ్మ ఉంటే నిన్ను వీధిలోకి గెంటేసేది!"

"అరవకక్కా, పక్కింటివాళ్లు వింటారు. ఇదిగో తీసుకుపోతున్నా."

"పక్కింటివాళ్లు విననీ! మూడు వారాలు నడుం విరిగేలా కడిగానే నేను! అల్మారాలు, సొరుగులు, నీ కోటు జేబులు కూడా!"

కడిగిందంతా ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది డోరా. ఏడ్చింది కూడా. ఏడుస్తున్న అక్కను వదిలేసి ఎలా వెళ్తుంది? మంచినీళ్లిచ్చి, బుజ్జగించి, చేప ఉండలు మాడకుండా తిప్పి, ఆ గది మళ్లీ కడిగి, అప్పుడు బయటపడింది. బస్సు ఎంతకీ రాలేదు. బడికి చేరేసరికి రబ్బీ గారూ ఇబార్రా గారూ రుమాలు పని ముగించుకుని వెళ్లిపోయారు. గడియ దాటిపోయింది. పోలా టీచర్ తన తాళంచెవితో గది తెరిచి, అల్మారాలో జాడీ పెట్టి, తలుపుకు టేపు అతికించి, హమ్మయ్య అనుకుని ఇంటికెళ్లింది. ఆ క్షణంలో ఆవిడ బుర్రలో పిండి బతికిందన్న ఆలోచన తప్ప మరొకటి లేదు.

సెలవుల్లో ఇబార్రా రోజూ వచ్చి గ్రాసియెలాకు అన్నం పెట్టినంత శ్రద్ధగా పిండి పెట్టాడు. పక్కన కూర్చుని మాతే ఆకుల టీ తాగుతూ తుకుమాన్ కొండల కబుర్లు చెప్పాడట. ఏమో మరి, ఆ కబుర్లకో ఏమో, బడి తెరిచి అల్మారా తీసేసరికి పిండి మూత నెట్టుకుని బయటికి చూస్తోంది. పిల్లలు గంతులేశారు. పోలా టీచర్ ఇబార్రాను కౌగిలించుకున్నంత పని చేసింది.

ఆ ఉత్సాహంలో రబ్బీ నిసిమ్ తనంతట తానే పైకొచ్చాడు. మంచి మనిషి కదా, పాఠానికి ఇంతకన్నా మంచి వస్తువు దొరకదనుకున్నాడు. జాడీ పక్కన నిలబడి పిల్లలతో అన్నాడు. "చూశారా? ఇది పండగంతా ఇక్కడే ఉంది. అయినా ఇవాళ మనం దీన్ని వాడుకోవచ్చు. ఎందుకు? ఎందుకంటే ఆ పొద్దున గడియ దాటే వేళకు ఇది ఈ అల్మారాలో ఉంది, ఇబార్రా గారి సొత్తుగా ఉంది. అదే ఏ యూదుడి ఇంట్లోనో ఉండిపోయి గడియ దాటితే, ఇక దాన్ని తినకూడదు, అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, దానివల్ల ఏ లాభమూ పొందకూడదు. పారేయాల్సిందే."

పోలా టీచర్ అస్థిపంజరం పక్కన నిలబడి ఉంది. గడియ దాటే వేళకు జాడీ ఎక్కడుందో ఆవిడకు తెలుసు. స్నానాల గదిలో, తువ్వాలు కింద. డోరాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. డోరాను ఈ సంగతులు అడిగే నాథుడు లేడు. ఊరుకుంటే సరిపోతుంది. ప్రదర్శన పదిరోజుల్లో ఉంది. గంట నిలబడుతుంది. అదీగాక ఆ నియమాన్ని తను నమ్ముతుందా ఏమైనా?

ఆ మధ్యాహ్నమంతా తనతో తనే తగువు పెట్టుకుంది. ఎటు తిప్పి చూసినా ఒకటే వచ్చేది. నియమం తనది కాకపోవచ్చు, కానీ జాడీ అల్మారాలో ఉందని పిల్లలకు చెప్పారు, అది అక్కడ లేదు. అంతే సంగతి. సాయంత్రం గంట కొట్టకముందే కిందికి దిగి రబ్బీ గారి గది తలుపు తట్టి, కూర్చోకుండానే అంతా చెప్పేసింది. స్నానాల గది సంగతి కూడా.

రబ్బీ నిసిమ్ ముందున్న పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మిమ్మల్ని ఎవరైనా చూశారా?"

"మా అక్క చూసింది. నేను చూశాను."

"మీరు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు కదండీ."

"తెలుసు. అందుకే చెప్పకుండా ఉందామని మధ్యాహ్నమంతా చూశాను. నా వల్ల కాలేదు."

ఆయన గబుక్కున లేచి అరలోంచి లావుపాటి పుస్తకాలు దించడం మొదలుపెట్టాడు. "ఉండండి, ఉండండి. ఏదో ఒక దారి ఉంటుంది. ఆ పిండి ఎవరి డబ్బుతో కొన్నారు? బడి డబ్బుతోనే కదూ? బడిదైతే రుమాలుతో పాటే ఇబార్రాకు పోయినట్టు చెప్పడానికి వీలుంది."

"నా డబ్బే. బడి ఇచ్చిందెప్పుడండీ నాకు?"

"జాడీ అయినా బడిది కదూ?"

"జాడీ కూడా మా అమ్మది. ఊరగాయ పెట్టుకునేది."

"పోనీ ఆ పొద్దున ఇబార్రా గారు మీ ఇంటికొచ్చి ఉంటే..."

"రాలేదు."

"ఫోనైనా చేసి ఉంటే? జాడీ ఎలా ఉందని?"

"ఆయనకు మా ఫోను నంబరే తెలియదు."

"బస్సులో వస్తున్నప్పుడు మనసులో 'ఇది ఇబార్రాది' అని అనుకున్నారేమో, బాగా గుర్తు తెచ్చుకోండి!"

"మనసులో బస్సు డ్రైవర్ని తిట్టుకున్నాను. అంతే గుర్తుంది."

రబ్బీ నిసిమ్ తల పట్టుకున్నాడు. "అయ్యో తల్లీ, ఒక్కదానికైనా ఊఁ అనండి! నేనింత కష్టపడుతుంటే మీరు ఒక్కొక్క తలుపూ మూసేస్తారేంటి?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పమంటే చెప్తున్నాను. లేనిది ఎక్కడ తెచ్చివ్వను?"

మర్నాడు పొద్దున రబ్బీ తన తల్మూద్ పాఠం పక్కన పెట్టి ఇదే సమస్యను పిల్లల ముందు పెట్టాడు. పోలా టీచర్‌ను కూడా పిలిచి కూర్చోబెట్టాడు. పేరు దాచమని ఆవిడ అడగలేదు, ఆయన దాచలేదు. పిల్లలు మొదట నోరెళ్లబెట్టారు, తర్వాత పోటీపడి వాదించారు. అంత హుషారుగా ఆ క్లాసు అంతకుముందెప్పుడూ లేదు. తమారా లేచింది.

"రబ్బీ గారూ, ఇబార్రా సారు రోజూ సగానికి పైగా తీసేసి తన పిండి కలిపారు. ఎనిమిది రోజులు. పాత పిండి ఇప్పుడెంత మిగిలుంటుంది? లెక్కేస్తే లేనట్టే. లేనిదాన్ని లెక్కలోంచి తీసేయొచ్చని మీరే చెప్పారు కదా?"

రబ్బీ మొహం వెలిగిపోయింది. "భేష్! భేషమ్మా! పోలా గారూ, విన్నారా? సైన్సు ఏమంటుంది? పాతది పోయినట్టే కదూ?" అని ఆయన దాదాపు బతిమాలాడు.

పోలా టీచర్ అవునంటే అయిపోయేది. ఆవిడ పెదాలు కొరుక్కుంది. "పిండి పోయింది. తోడు పోలేదు. ఆ పాత సూక్ష్మజీవులే పిల్లల్ని పెట్టి, మనవల్ని పెట్టి, జాడీ నిండా ఉన్నాయి. చెంచాడు తోడు ఉన్నా మొత్తం అదే చేస్తుంది. లేనట్టని నేను చెప్పలేను."

రబ్బీ నిసిమ్ నీరసంగా కూర్చున్నాడు. "మన పెద్దలూ అదే అన్నారు. పులియబెట్టేది చుక్క ఉన్నా ఉన్నట్టే లెక్క."

చూశారా చిత్రం! ఇన్నేళ్లలో తోరా, సైన్సు ఒక్క మాటంటే ఒక్క మాట మీదికి వచ్చింది ఆ ఒక్క పొద్దునే. వచ్చి పోలా టీచర్ కొంప ముంచింది.

గ్రాసియెలాను పారేశారు. పిల్లలు చుట్టూ నిలబడ్డారు. పోలా టీచరే తొట్టిలో ఒంపి బ్లీచింగు నీళ్లు పోసింది. ఇబార్రా మాత్రం రానన్నాడు. "మీ చట్టాలు మీవి, నేను కాదనను. ఎనిమిది రోజులు పెంచుకున్న దాన్ని నా కళ్లముందు చంపితే చూడలేను" అని వరండాలో అటు తిరిగి నిలబడ్డాడు. పెల్ట్స్‌కు కబురందింది. ఫోను చేసి, "పోనీలెండి పోలా గారూ, మీరు బాధపడకండి. రబ్బీ గారు ఆ గదిలో బల్లలు ఎలా వేయించుకుంటారో కనుక్కుంటాను" అన్నాడు. ఆవిడ ఫోను పెట్టేసి వెళ్లి కొత్త జాడీలో పిండీ నీళ్లూ కలిపింది. కోపం వస్తే ఆవిడ చేతులు ఊరుకోవు.

కొత్త పిండి పొంగాలంటే వారం పడుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కనిపెట్టుకుని కొలవాలి. పొద్దుటి గంటలేమో రబ్బీవి. ఆవిడ అడగలేదు, అడగనూ అడగదు. తర్వాతి పొద్దున ఆవిడ గది తలుపు తీసేసరికి, రబ్బీ నిసిమ్ క్లాసు మొత్తాన్ని వెంటేసుకుని మెట్లెక్కి వస్తున్నాడు. చంకలో తల్మూద్, ఆయాసం.

"వాక్యాలు ఎక్కడ చదివినా వాక్యాలే కదండీ. ఇక్కడ చదువుకుంటాం. మధ్యలో మీ జాడీని చూస్తుంటాం. ఆ గాజు పుల్ల ఎలా చదవాలో ఒకసారి చూపించండి."

"దాన్ని థర్మామీటర్ అంటారు రబ్బీ గారూ."

"తెలుసండీ! నాకూ జ్వరాలొచ్చాయి!"

అక్కడ మొదలైంది ఆయన పిచ్చి. వాక్యం సగంలో ఉండగా లేచి జాడీ దగ్గరకు వెళ్లేవాడు. రెండో రోజు ఒక బుడగ కనిపిస్తే, భూగోళం క్లాసు జరుగుతుంటే వెళ్లి ఇబార్రాను లాక్కొచ్చి చూపించాడు. మూడో రోజు పిండి చప్పబడి కదలకపోయేసరికి మనిషి కుంగిపోయాడు. పిండి మంచిది కాదన్నాడు, నీళ్లు మార్చమన్నాడు, ఎవరి దిష్టో తగిలిందన్నాడు.

"ఇది మామూలే. మొదటి హడావుడి సూక్ష్మజీవులు చచ్చి, అసలైనవి వచ్చే సమయం. ఓపిక పట్టండి" అంది పోలా టీచర్.

"ప్రార్థించనా?"

"ప్రార్థించండి, ఎవరొద్దన్నారు? మూత మాత్రం తీయకండి."

శనివారం యూదులెవరూ పని ముట్టరు కాబట్టి, ఇబార్రా వచ్చి కొలతలు తీశాడు. ఈసారి పేరు పెట్టనన్నాడు, మళ్లీ మనసు విరుచుకోలేనన్నాడు. ఆదివారానికల్లా లోపల్లోపల దాన్ని ఏదో పేరుతో పిలుస్తున్నాడని పిల్లలు కనిపెట్టేశారు.

ప్రదర్శనలో మిగతా బడులవాళ్లు అగ్నిపర్వతాలు, గాలిమరలు తెచ్చారు. మనవాళ్ల గీత బల్ల మీద పొట్టిగా ఉంది. వారం రోజుల కొలతలే. న్యాయనిర్ణేత ఒక యూనివర్సిటీ అమ్మగారు. గీత చూసి, "ఇంత తక్కువేంటి? ప్రాజెక్టు మార్చిలోనే మొదలుపెట్టామని రాశారే?" అంది.

ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? ఉరియెల్. స్నానాల గదితో మొదలుపెట్టి, రుమాలు, డోరా ఏడుపు, గ్రాసియెలా అంత్యక్రియలు అన్నీ చెప్పాడు. "పాత కొలతలు కూడా ఉన్నాయండీ. కానీ ఆ పిండితో మేం లాభం పొందకూడదు. అందుకని అవి చూపించట్లేదు" అన్నాడు. ఆ అమ్మగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ బహుమతి అగ్నిపర్వతానికే ఇచ్చింది.

తర్వాతి సోమవారం కమిటీ కూర్చుంది. పోలా టీచర్ తెల్లకోటు విప్పకుండానే వచ్చింది, ఇక మేకుకు తగిలించే అవసరం లేదనుకుందో ఏమో. పెల్ట్స్ గొంతు సవరించుకున్నాడు.

"అందరూ కష్టపడ్డారు, సంతోషం. కానీ మాట మాటే. బహుమతి రాలేదు. కాబట్టి రబ్బీ గారూ, ఆ గంటా ఆ గదీ ఇక మీవే. మీరు ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు."

రబ్బీ నిసిమ్ లేచాడు. "వద్దు."

"వద్దంటే? మీరే కదండీ అడిగారు?"

"అడిగాను. అడిగింది నేనే. ఇప్పుడు వద్దంటున్నదీ నేనే." ఆయన పెల్ట్స్ వైపు తిరిగాడు. "పెల్ట్స్ గారూ, అబద్ధమాడొద్దని నేను పిల్లలకు రోజూ చెప్తాను. పుస్తకం తీసి, వాక్యం చూపించి, అర్థం చెప్పి, పరీక్ష పెడతాను. అందరికీ మంచి మార్కులొస్తాయి. ఈవిడ నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలియని చోట, నేనే తలుపులు తీసి పట్టుకుని 'ఇటు రండి, ఇటు రండి' అని పిలుస్తుంటే, ఈవిడ లోపలికి రాలేదు. తనకున్న ఒక్కగానొక్క గది పోతుందని తెలిసి కూడా రాలేదు. ఉరియెల్ మొన్న అందరి ముందూ నిజం చెప్పాడు. వాడికది నా క్లాసులో అబ్బలేదు. ఆ గదిలో అబ్బింది. ఆ గది తీసుకుని అందులో నేనేం చెప్పను? ఆవిడ చేసి చూపించినదాన్ని చదివి వినిపించనా? నాకు సిగ్గేస్తుందండీ. గంట ఆవిడదే. మీరు తీసేస్తే నేను కూడా ఆ గంట పాఠం చెప్పను."

పెల్ట్స్ అటూ ఇటూ చూశాడు. ఎవరూ ఆయన వంక చూడలేదు. "సరే, అలాగే కానివ్వండి" అని గొణిగి తర్వాతి విషయానికి వెళ్లిపోయాడు.

బయట వరండాలో పోలా టీచర్ గోడకానుకుని నిలబడిపోయింది. ఆవిడకు ధన్యవాదాలు చెప్పడం చేతకాదు. రబ్బీ రాగానే ఆయన మీదికే వచ్చింది.

"అంతమందిలో అలా మాట్లాడతారా ఎవరైనా? నేనేమైపోవాలనుకున్నారు? ఇన్నేళ్లూ మిమ్మల్ని నానా మాటలూ అన్నాను, తెలుసా మీకు? గంటలదొంగ అన్నాను. పిల్లల ముందు కూడా అన్నాను."

"తెలుసండీ. పిల్లలు చెప్పారు. నేనూ మిమ్మల్ని అన్నాను లెండి."

"ఏమన్నారు?"

"అస్థిపంజరంతో కాపురం చేస్తున్న మనిషి అని."

పోలా టీచర్ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపు ముంచుకొచ్చింది. తండ్రి కుట్టిన కోటు చేతితోనే కళ్లు తుడుచుకుంటూ, ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయింది. రబ్బీ నిసిమ్ ఏం చేయాలో తోచక, టోపీ చేత్తో పట్టుకుని ఆవిడ ఏడుపు అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.